ఊళ్ళు కొలిచిన మెకంజీ

మెకంజీ కైఫియత్తులు అన్న మాట తెలుగుదేశ చరిత్ర చదివినవారికి పరిచితమే. ఆ పేరుగల కాలిన్ మెకంజీ వృత్తిరీత్యా చరిత్రకారుడు కారు. గొలుసూ థియోడలైటూ పట్టించుకొని కొండలూ గట్లూ తిరిగిన సర్వేయరు.

ఆయన 1754లో స్కాట్లండుకు చెందిన లూయిస్ దీవిలో, స్టోర్నవే అనే రేవుపట్నంలో జన్మించారు. 1783లో ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసు చేరి, కొన్నాళ్ళకు ఇంజనీర్ల దళంలోకి మారారు. 1792 తరువాత కొన్నేళ్ళు నైజాం రాజ్యంలో సర్వే చేశారు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక మైసూరు సర్వే ఆయనకు అప్పగించబడింది.

ఆనాటి కొలత ఎలా సాగేదో కొంచెం చెప్పుకోవాలి. ముందుగా చదునైన నేల చూసి, ఒక తిన్నని గీత వెంట గొలుసుతో జాగ్రత్తగా కొలిచేవారు. ఆ గీత రెండు కొసల నుంచి దూరాన ఉన్న కొండమీది జెండాను థియోడలైటుతో చూచి కోణాలు తీసేవారు. ఒక భుజమూ రెండు కోణాలూ తెలిస్తే తక్కిన దూరాలు లెక్కకు వస్తాయి గనుక, మధ్యనున్న అడవిలో గొలుసు లాగవలసిన పనిలేదు. అలా త్రిభుజం మీద త్రిభుజం అల్లి, లోపలి చెరువులు, కోటలు, బాటలు, ఊళ్ళు తరువాత నింపేవారు. అడవి జ్వరాలు పనివాళ్ళను పడగొడుతున్నా, సుమారు 40,000 చదరపు మైళ్ళ మైసూరు సీమను పదేళ్ళకు పటంలోకి ఎక్కించారు.

పటంలో ఊరు గుర్తించాలంటే పేరు కావాలి. పేరు అడిగితే దాని కథ కూడా వచ్చేది. అయితే మెకంజీ గారికి తెలుగు రాదు, మరే దేశభాషా రాదు. ఇక్కడే ఏలూరు కావలి సోదరులను తలచుకోవాలి. 1796 ప్రాంతంలో కొలువులో చేరిన బొర్రయ్య పాత శాసనాల లిపి విప్పడంలో దిట్ట. దొర మనుషులు వచ్చి లెక్కలడిగితే పన్ను పెంచడానికేనని కరణాలు జంకేవారు. వారిని మంచి మాటలతో ఒప్పించి, ఊరి కవిలెలు బయటికి తీయించి నకళ్ళు వ్రాయించిన ఘనత ఆ సోదరులదీ, వారి క్రింది పండితులదీ. ముప్పై ఏళ్ళయినా నిండకుండానే 1803లో బొర్రయ్య కన్నుమూశారు. తమ్ముడు లక్ష్మయ్య ఆ పని అందుకొని జిల్లా జిల్లాకూ మనుషులను పంపారు.

కరణాల జంకు ఉత్తదేమీ కాదని మేమనుకుంటాము. కంపెనీవారికి పటం కావలసింది పన్నుకూ సైన్యానికీనే. ఊళ్ళ కథలు సేకరించడం మాత్రం మెకంజీ గారి స్వంత అభిరుచి. దానికి స్వంత డబ్బు చాలా ఖర్చుపెట్టారు. అమరావతి శిల్పాలను లోకం దృష్టికి తెచ్చిందీ ఆయనే. 1816లో మళ్ళీ అక్కడికి వెళ్ళి వాటి బొమ్మలు వేయించారు.

1815లో భారతదేశపు తొలి సర్వేయరు జనరల్ అయి, 1821 మే 8న కలకత్తా దగ్గర మరణించారు. ఆయన సేకరణను కంపెనీ లక్ష రూపాయలకు కొన్నది. 8,076 శాసనాల నకళ్ళు, 6,218 నాణేలు అందులో ఉన్నట్లు 1828లో అచ్చయిన పట్టిక చెబుతుంది. పనిని కొనసాగిస్తానని లక్ష్మయ్య అర్జీ పెట్టుకుంటే, ఇంత పనికి దేశీయుడు చాలడని త్రోసిపుచ్చారు. ఆ పనిలో చాలా భాగం చేసినవాడే ఆయన! తరువాత శిథిలమవుతున్న తెలుగు కైఫియత్తులను సి.పి. బ్రౌను తిరిగి వ్రాయించకపోతే మనకు మిగిలేవి ఇంకా తక్కువే.

ఓడ ఎక్కిన మన ముత్తాతలు వెంట తెచ్చుకున్నవి ఇంటిపేరూ ఊరిపేరూ. ఊరిపేరు తెలిసిన కుటుంబాలు ఆ ఊరికి కైఫియత్తు ఉన్నదేమో వెదకవచ్చు. కడప, గుంటూరు ప్రాంతాలవి కొన్ని అచ్చయ్యాయి కూడా. వాటిలో రాజులు, కరణాలు, గుళ్ళ మాన్యాలే ఎక్కువ. కూలికి వెళ్ళినవారి పేర్లు అరుదు. కాని వారు నీళ్ళు త్రాగిన చెరువు ఎవరు త్రవ్వించారో, ఆ ఊరికి ఆ పేరెందుకు వచ్చిందో ఉండవచ్చు.