ఆక్సిజన్ తగ్గించమన్న డాక్టరమ్మ

మెల్‌బోర్న్ సిటీలో ఉన్న మనవాళ్లకి క్యూవీ తెలియకుండా ఉండదు. స్వాన్‌స్టన్ స్ట్రీట్, లాన్స్‌డేల్ స్ట్రీట్ కలిసే మూలనున్న షాపింగ్ కాంప్లెక్స్ అది. కింద సూపర్‌మార్కెట్, పక్కన ఫుడ్ కోర్టు. కొత్త బిల్డింగుల మధ్య ఎర్ర ఇటుకల పాత భవనం ఒక్కటి మాత్రం అలాగే నిలబడి ఉంటుంది. సిటీలో పని చేసిన రోజుల్లో మేము దాని ఎదురుగానే కూర్చుని టిఫిన్ బాక్సు తెరిచేవాళ్లం. కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్ బుద్ధి కదా, ఆ ఇటుక పని ఎంత వరసగా ఉందో చూసేవాళ్లమే గానీ అది ఏ భవనమో ఎప్పుడూ అడగలేదు.

క్యూవీ అంటే క్వీన్ విక్టోరియా. అక్కడ ఒకప్పుడు ఆడవాళ్ల కోసం ఆడ డాక్టర్లే నడిపిన ఆస్పత్రి ఉండేది. మెల్‌బోర్న్‌లో ఇలాంటి ఆస్పత్రి కావాలని 1896లో కాన్‌స్టెన్స్ స్టోన్ అనే డాక్టరు, ఆమె తోటి మహిళా డాక్టర్లు పూనుకున్నారు. ఆడవాళ్లు తలా ఒక షిల్లింగు చందా వేసుకుంటే 1899లో సొంత ఆస్పత్రి మొదలైంది. అదే సంవత్సరం ఏప్రిల్ 22న, ఈ ఊళ్లోనే హాథార్న్‌లో, ఒక గుమాస్తా ఇంట్లో ఒక ఆడపిల్ల పుట్టింది. పేరు కేట్ ఇసబెల్ క్యాంప్‌బెల్. తర్వాత ఆ ఆస్పత్రిలో దాదాపు నలభై ఏళ్లు పిల్లల డాక్టరుగా పని చేసింది ఈమే.

ఈమె గురించి మాకు తెలిసింది పుస్తకాల వల్ల కాదు. 2019లో మా బాబు 28 వారాలకే పుట్టాడు. ఇక్కడి పెద్దాస్పత్రిలో బాక్సులో పెట్టారు. కిలో కూడా లేని పిల్లాడు. కాలికి చుట్టిన చిన్న ఎర్ర లైటు, పక్కన స్క్రీన్ మీద ఒక అంకె. ఆ అంకె తగ్గితే అలారం మోగేది, సరే అనుకున్నాం. పెరిగినా మోగేది! నర్సమ్మ గబగబా వచ్చి ఆక్సిజన్ తగ్గించేది. మాకు గుండె ఆగినంత పనయ్యేది. ఊపిరాడని బిడ్డకి గాలి తగ్గించడమేంటని ఒక రాత్రి ఉండబట్టలేక అడిగేశాం. ఎక్కువ ఆక్సిజన్ ఇలాంటి బిడ్డల కంటిచూపు తీసేస్తుందని, ఆ సంగతి బయటపెట్టినవాళ్లలో ఈ ఊరి డాక్టరమ్మ ఒకరని ఆ నర్సమ్మ చెప్పింది. అప్పుడు మొదటిసారి కేట్ క్యాంప్‌బెల్ పేరు విన్నాం.

కేట్ తండ్రి స్కాట్లాండ్ నుంచి వలస వచ్చినవాడు. అంటే ఈమె కూడా మన పిల్లల్లాగా వలస వచ్చినవాళ్ల బిడ్డే. తల్లి అంతకుముందు టీచరు. డబ్బున్న కుటుంబం కాదు. స్కాలర్‌షిప్ మీద మెథడిస్ట్ లేడీస్ కాలేజీలో చదివి, మెల్‌బోర్న్ యూనివర్సిటీలో మెడిసిన్‌లో చేరింది. 1922లో పట్టా పుచ్చుకున్న ఆ బ్యాచ్ మామూలు బ్యాచ్ కాదు. తర్వాత నోబెల్ బహుమతి అందుకున్న మక్‌ఫర్లేన్ బర్నెట్ అందులోనే ఉన్నాడు. పోలియో మీద పని చేసి పేరు తెచ్చుకున్న జీన్ మక్‌నమారా కూడా కేట్ క్లాస్‌మేటే.

చదువైతే అయింది గానీ ఉద్యోగం దగ్గర చిక్కొచ్చింది. పిల్లల ఆస్పత్రిలో ఆడ డాక్టర్లని తీసుకోవడానికి పెద్దలు వెనకాడారు. కారణం ఏంటంటే, ఆడ డాక్టర్లకి వేరే బాత్‌రూమ్ సౌకర్యం లేదట! సైటు మీద పోర్టబుల్ టాయిలెట్ పెట్టించే పని మాది. ఒక్క పూటలో అయ్యే పనికి ఒకరి బతుకుతెరువు ఆపాలని చూశారా అనిపించింది. ఎలాగో చివరికి చేర్చుకున్నారు. కేట్, మక్‌నమారా ఇద్దరూ అక్కడ పని నేర్చుకున్నారు. 1924కల్లా కేట్ ఎండీ కూడా పూర్తి చేసింది.

తర్వాత ఎసెండన్‌లో పదేళ్లు మామూలు ప్రాక్టీసు. 1926 నుంచే క్వీన్ విక్టోరియా ఆస్పత్రిలో హానరరీ డాక్టరు. ఈ హానరరీ అన్నమాటకి అర్థం చెప్పాలి. ఆ రోజుల్లో ఆస్ట్రేలియా పెద్దాస్పత్రుల్లో పేరున్న డాక్టర్లు బీదవాళ్లని జీతం లేకుండానే చూసేవారు. ఇంటి ఖర్చులకి ప్రైవేటు ప్రాక్టీసే ఆధారం. 1965 దాకా కేట్ అలాగే ఆ ఆస్పత్రికి వెళ్లింది. 1946లో ఆస్పత్రి లాన్స్‌డేల్ స్ట్రీట్‌లో పాత మెల్‌బోర్న్ హాస్పిటల్ ఉన్న చోటికి మారింది. 1922లో కేట్ కొత్త డాక్టరుగా డ్యూటీ చేసింది ఆ మెల్‌బోర్న్ హాస్పిటల్‌లోనే. తిరిగి తిరిగి అదే ఆవరణకి వచ్చిందన్నమాట. మేము చూస్తూ అన్నం తిన్న ఎర్ర ఇటుకల భవనం అందులో మిగిలిన ముక్క.

ఇంకోపక్క విక్టోరియా రాష్ట్రంలో పసిబిడ్డల సెంటర్లు పెరుగుతున్న కాలం అది. మొదటి సెంటరు 1917లో రిచ్‌మండ్‌లో తెరిచారు. తల్లి బిడ్డని తీసుకెళితే నర్సు తూకం వేసి, పాలు ఎలా పట్టాలో చెప్పి పంపేది. ఆ సెంటర్ల సంఘానికి కేట్ మెడికల్ ఆఫీసరు. నర్సులకి పాఠాలు చెప్పేది. వెరా స్కాంట్‌ల్‌బరీ బ్రౌన్ అనే డాక్టరుతోపాటు రాసిన శిశు సంరక్షణ పుస్తకం 1947లో వచ్చింది. ఇప్పుడు మన ఇళ్లకి బిడ్డ పుట్టగానే వచ్చే కౌన్సిల్ నర్సు, చేతికిచ్చే గ్రీన్ బుక్ ఉన్నాయి కదా, వాటి మూలాలు ఆ సెంటర్లలోనే ఉన్నాయి. ఆ నర్సు పైసా తీసుకోదు. కొత్తగా వచ్చిన మనవాళ్లు కొందరు ఏదో తనిఖీ అనుకుని తలుపు తీయడానికి జంకుతారు. జంకాల్సిన పని లేదు.

1929లో మెల్‌బోర్న్ యూనివర్సిటీలో నవజాత శిశువుల వైద్యం చెప్పడానికి కేట్‌ని లెక్చరరుగా పెట్టారు. ముప్పై అయిదేళ్లకి పైగా చెప్పింది. అంతకుముందు వరకు అప్పుడే పుట్టిన బిడ్డ అంటే కాన్పు డాక్టరు పనిలో ఒక చివర. బతికితే దాని అదృష్టం, లేకపోతే దేవుడి చిత్తం. ఆ బిడ్డకంటూ ఒక వైద్యం ఉందని, డాక్టరయ్యేవాడు దాన్ని వేరేగా నేర్చుకోవాలని ఆమె తరాల తరాల విద్యార్థులకి చెప్పింది. అందుకే ఆ రోజుల్లో మెల్‌బోర్న్‌లో డాక్టరయిన చాలామంది చేతుల్లో కొంత ఆమె చెయ్యి ఉంది.

గుడ్డితనం ఎక్కడినుంచి వచ్చింది?

ఇక అసలు సంగతి. 1942లో అమెరికాలోని బోస్టన్‌లో టెర్రీ అనే కంటి డాక్టరు ఒక కొత్త జబ్బుని గుర్తించాడు. నెలలు నిండకుండా పుట్టి, బతికి బట్టకట్టిన పిల్లలకి కంటి లోపల తెల్లటి పొర కమ్మి చూపు పోతోంది. ఏళ్లు గడిచేకొద్దీ కేసులు పెరిగాయి. విచిత్రం ఏంటంటే, పాత ఆస్పత్రుల్లో కన్నా కొత్త మెషీన్లున్న మంచి ఆస్పత్రుల్లోనే ఎక్కువ. విటమిన్లు అన్నారు, వెలుతురు అన్నారు, తల్లి జబ్బు అన్నారు. దేనికీ లెక్క కుదరలేదు. 1950ల మొదటికల్లా ప్రపంచం మొత్తం మీద పది వేలమంది పిల్లలు ఇలా చూపు పోగొట్టుకున్నారని అంచనా. 1950లో నెలలు నిండకుండా పుట్టిన అమెరికా గాయకుడు స్టీవీ వండర్ వాళ్లలో ఒకరు.

ఆక్సిజన్ మీద అనుమానం ఉందని విదేశాల నుంచి వచ్చిన మాట కేట్ చెవిన పడింది. ఆమె కొత్త మెషీను తేలేదు, ల్యాబు కట్టలేదు. మెల్‌బోర్న్‌లోనే మూడు చోట్ల ఇలాంటి బిడ్డల్ని చూస్తున్నారు. పద్ధతులు వేరు. ఒకచోట కొత్త రకం ఆక్సిజన్ తొట్లలో బిడ్డలకి ధారాళంగా ఇచ్చేవారు. ఇంకోచోట ఆక్సిజన్ ఖర్చు ఇంటివాళ్ల మీద పడేది, అందుకని తప్పనిసరైతేనే ఇచ్చేవారు. కేట్ ఆ రికార్డులు పక్కపక్కన పెట్టి చూసింది. ధారాళంగా ఆక్సిజన్ అందిన 123 మంది బిడ్డల్లో 23 మందికి ఈ కంటి జబ్బు, అంటే వందకి సుమారు 19. పొదుపుగా అందిన 58 మందిలో నలుగురికి, అంటే వందకి ఏడు. డబ్బు లేక ఆక్సిజన్ తగ్గించినచోట కళ్లు దక్కాయి! 1951లో ఈ లెక్కని మెడికల్ జర్నల్ ఆఫ్ ఆస్ట్రేలియాలో అచ్చు వేయించింది. ఇదే కారణమని బల్లగుద్ది చెప్పలేదు. కారణం కావచ్చునని మాత్రమే రాసింది. ఆ నిదానం మాకు నచ్చింది.

జరిగేది ఇదీ. కంటి వెనక పొరలో రక్తనాళాలు రావి ఆకు ఈనెల్లాగా మధ్యనుంచి అంచులకి పాకుతూ వెళ్తాయి. నెలలు నిండేసరికి అంచుకి చేరతాయి. ఏడో నెలలో పుట్టిన బిడ్డకి ఇంకా సగం దారిలోనే ఉంటాయి. అప్పుడు ఆక్సిజన్ ఎక్కువైతే ఆ పెరుగుదల ఆగిపోతుంది. తర్వాత పొర ఆకలికి అల్లాడి, పిచ్చి నాళాలు అడ్డదిడ్డంగా పుట్టి, చివరికి పొరనే లాగేస్తాయి. గ్యాస్ కటింగ్ తెలిసిన మనవాళ్లకి ఆక్సిజన్ గుణం చెప్పక్కర్లేదు. రెగ్యులేటరుకి చుక్క నూనె తగిలితే ఏమవుతుందో, గాలాడని గుంతలో సిలిండరు లీకైతే బట్టలకి నిప్పు ఎలా అంటుకుంటుందో సేఫ్టీ క్లాసులో వినే ఉంటారు. అదే గాలి ఆస్పత్రిలో ప్రాణవాయువు. ఎక్కువైతే చెడుపు అనే ఊహే అప్పట్లో చాలామంది డాక్టర్లకి రాలేదు.

అమెరికాలో 18 ఆస్పత్రులు కలిసి 1953లో పెద్ద పరీక్ష మొదలుపెట్టాయి. ఏడాది తిరిగేసరికి ఆక్సిజనే కారణమని తేలింది. చాలా దేశాల్లో ఆక్సిజన్‌కి కళ్లెం వేశారు. గుడ్డితనం ఒక్కసారిగా పడిపోయింది. కేట్‌కి 1954లో సీబీఈ, 1964లో బ్రిటానికా ఆస్ట్రేలియా అవార్డు, 1971లో డేమ్ బిరుదు వచ్చాయి.

కథ ఇక్కడ అయిపోతే బాగుండేది. కానీ డాక్టర్లు రెండోవైపుకి పోయారు. 40 శాతం దాటకూడదని గీత గీసేసరికి, నిజంగా ఆక్సిజన్ కావాల్సిన బిడ్డలకీ అందలేదు. దక్కిన ఒక్కొక్క చూపుకి పదహారు ప్రాణాలు పోయి ఉంటాయని 1973లో క్రాస్ అనే బ్రిటిష్ డాక్టరు లెక్క కట్టాడు. ఆ లెక్క మీద వాదన ఉంది, నష్టం జరగలేదని మాత్రం ఎవరూ అనలేదు. మరి ఎంత ఇవ్వాలి? ఆ ప్రశ్న అరవై ఏళ్లు సాగింది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రిటన్ బిడ్డల మీద జరిపిన బూస్ట్-2 పరీక్ష ఫలితాలు 2013లో వచ్చాయి. రక్తంలో ఆక్సిజన్ 85 నుంచి 89 మధ్య ఉంచిన బిడ్డల్లో చావులు ఎక్కువ, 91 నుంచి 95 మధ్య ఉంచినవాళ్లలో తక్కువ. మా బాబు స్క్రీన్ మీది అలారం రెండువైపులా మోగడానికి కారణం అదే. తగ్గినా తప్పే, పెరిగినా తప్పే. మా తూకంగుండు కన్నా సన్నని పని.

కేట్ పెళ్లి చేసుకోలేదు. 1986 జులైలో, 87 ఏళ్ల వయసులో మెల్‌బోర్న్‌లోనే కన్నుమూసింది. మరుసటి ఏడాది క్వీన్ విక్టోరియా ఆస్పత్రి కూడా క్లేటన్‌కి తరలిపోయి మోనాష్ మెడికల్ సెంటర్‌లో కలిసిపోయింది.

ముప్పై రోజుల లోపు

ఆక్సిజన్ ఎంత జాగ్రత్తగా ఇచ్చినా ఈ జబ్బు కొందరు బిడ్డలకి వస్తూనే ఉంటుంది. ఇప్పుడు దాని పేరు ఆర్‌ఓపీ. కాకపోతే టైముకి కంటి డాక్టరు చూస్తే లేజరుతోనో ఇంజెక్షన్‌తోనో చాలామందికి చూపు నిలబెట్టొచ్చు. మన దగ్గర హైదరాబాద్ ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి డాక్టర్లు 1990ల చివర్లోనే జంట నగరాల్లో బిడ్డల వార్డులకి వెళ్లి కళ్లు చూడటం మొదలుపెట్టారు. నెలలు తక్కువగా, లేదా రెండు కిలోల కన్నా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకి ముప్పై రోజుల్లోపు ఒకసారి కంటిపాప వెనక పరీక్ష జరగాలన్నది అక్కడి డాక్టర్ సుభద్ర జలాలీ ప్రచారం చేసిన మాట. 2013లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకంలో చూడాల్సిన జబ్బుల లిస్టులో కూడా ఆర్‌ఓపీ ఉంది.

మా బాబుకి ఇక్కడ నాలుగు వారాలు దాటగానే కంటి డాక్టరు మంచం దగ్గరికే వచ్చింది. మేము అడగలేదు. ఆమె వస్తుందని కూడా మాకు తెలీదు. ఆ రోజు మా ఇంటామె ఏడ్చింది. సంతోషానికో, ఇంకోదానికో చెప్పలేం.

ఆ ఇంకొకటి ఏంటంటే, మా అక్క కొడుకు. 2006లో కరీంనగర్ జిల్లాలో ఏడో నెలలో పుట్టాడు. బావ అప్పుడు దుబాయ్‌లో, మేము పాలిటెక్నిక్ డిప్లొమాలో. టౌన్‌లో ఒక నర్సింగ్‌హోమ్‌లో ఇరవై రోజులకి పైగా బాక్సులో పెట్టారు. బావ అప్పు చేసి పంపిన పైసలతో బిల్లు కట్టి, బతికాడు చాలని ఇంటికి తెచ్చుకున్నాం. కళ్లు చూపించమని చీటీ మీద రాయలేదు, నోటితోనూ చెప్పలేదు. అయిదో నెలలో దీపావళికి కాకరపువ్వొత్తి వెలిగిస్తే వాడు తల తిప్పలేదు. హైదరాబాద్ తీసుకెళితే అప్పటికే ఆలస్యమైందన్నారు.

వాడు ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. ఫోన్ మాట్లాడే సాఫ్ట్‌వేర్‌తో మా కన్నా స్పీడుగా మెసేజీలు పెడతాడు. కేట్ క్యాంప్‌బెల్ సంగతి మొన్న ఒక ఆదివారం వాడికి ఫోన్లో చెప్పాం. అంతా విన్నాడు. ఆ లెక్కలు ఏ సంవత్సరంలో అచ్చయ్యాయని అడిగాడు. 1951 అన్నాం. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, తను పుట్టడానికి యాభై అయిదేళ్ల ముందు కదా మామా అని, అమ్మకి ఈ సంగతి చెప్పొద్దని ఫోన్ పెట్టేశాడు.