పరదా వెనక వాళ్ల తరఫున: కొర్నేలియా సొరాబ్జీ

ఒకరికి అన్యాయం జరిగితే వాళ్ల తరఫున ఇంకొకరు కోర్టుకి వెళ్లొచ్చా? క్లాసులో ప్రజా ప్రయోజన వ్యాజ్యం గురించి విన్నప్పుడు ఇదేం పెద్ద విషయం అనుకున్నాను. కానీ ఈ హక్కు కోసం ఒకావిడ దాదాపు ముప్పై ఏళ్లు తిరిగింది. ఆమె మన మహారాష్ట్రలోనే పుట్టిన కొర్నేలియా సొరాబ్జీ.

1866 నవంబరు 15న నాసిక్‌లో పుట్టింది. తండ్రి పార్సీ కుటుంబం నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాడు. తల్లి ఫ్రాన్సినా పుణెలో బడులు నడిపింది. చిన్నప్పుడు ఒక వితంతువు సాయం కోసం వాళ్లింటికి వచ్చింది. ఆస్తి చూసుకోమని పెట్టుకున్న మనిషే ఆమెను మోసం చేశాడు. కొర్నేలియా మనసులో లా చదవాలనే కోరిక అప్పుడే పడింది.

పుణె డెక్కన్ కాలేజీలో చదివి, బొంబాయి యూనివర్సిటీలో పట్టా పొందిన మొదటి మహిళ అయింది. మంచి మార్కులే వచ్చాయి. అయినా ఇంగ్లండులో చదవడానికి ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఆడపిల్ల అని ఇవ్వలేదు. అక్కడి కొందరు పెద్దలు చందాలు వేసుకుని సాయం చేస్తే 1889లో ఆక్స్‌ఫర్డ్‌లో చేరింది. 1892లో అక్కడ లా పరీక్ష రాసిన మొదటి మహిళ ఆమే. పరీక్షయితే రాయనిచ్చారు గానీ పట్టా ఇవ్వలేదు. అది చేతికొచ్చేసరికి 1922 అయింది!

1894లో తిరిగొచ్చాక ఆమె దృష్టి పరదా స్త్రీల మీద పడింది. వీళ్లు బయటి మగవాళ్లకి కనిపించకూడదు. భర్త పోయాక పేరుకి ఆస్తి ఉంటుంది. కానీ తెర వెనక కూర్చుని, ఎవరో అందించిన కాగితం మీద గుర్తు వెయ్యడమే వీళ్ల పని. అందులో ఏం రాసుందో తెలీదు. అడుగుదామంటే లాయర్లందరూ మగవాళ్లే. లాయర్లకి వీళ్ల ఇళ్లల్లోకి ప్రవేశం లేదు, ఇళ్లల్లోకి వెళ్లగలిగిన కొర్నేలియాకి లాయరు హోదా లేదు.

సంస్థానాల్లో బ్రిటిష్ ఏజెంట్ల ముందు ఈ స్త్రీల తరఫున అర్జీ పెట్టడానికి ఆమెకి ప్రత్యేక అనుమతి దొరికింది, కోర్టులో వాదించడానికి మాత్రం దొరకలేదు. 1896లో పుణెలో ఒక హత్య కేసులో నిందితుల పక్షాన నిలబడింది. కోర్టు అనుమతిస్తే లాయరు కాని వ్యక్తి కూడా మాట్లాడవచ్చని అప్పటి చట్టంలో ఉండేది. ‘వ్యక్తి’ అంటే ఆడమనిషి కూడా కదా! తర్వాత బొంబాయిలో ఎల్‌ఎల్‌బీ, 1899లో అలహాబాదు హైకోర్టు ప్లీడరు పరీక్ష పాసయింది. అయినా లాయరుగా నమోదు చేసుకోలేదు.

1904లో బెంగాల్ కోర్ట్ ఆఫ్ వార్డ్స్‌లో ఉద్యోగం వచ్చింది. మైనర్లు, స్త్రీలు వారసులుగా మిగిలిన జమీందారీలను ప్రభుత్వం తరఫున చూసే శాఖ అది. బెంగాల్, బీహార్, ఒరిస్సా, అస్సాం తిరిగింది. ఆగిపోయిన భరణం ఇప్పించడం, ఆస్తి తగాదాలు తీర్చడం, పిల్లల్ని చదివించడం ఆమె పని. దాదాపు ఇరవై ఏళ్లలో 600 మందికి పైగా స్త్రీలకి, అనాథలకి సాయపడింది. 1923లో చట్టం మారి ఆడవాళ్లు లాయర్లు కావచ్చని వచ్చేసరికి ఆమెకి 57 ఏళ్లు దగ్గరపడ్డాయి. కలకత్తా హైకోర్టులో కొన్నాళ్లు పనిచేసి, 1929లో రిటైరై లండన్ వెళ్లిపోయింది. 1954 జులై 6న అక్కడే చనిపోయింది.

ఒక సంగతి దాచకూడదు. ఆమె బ్రిటిష్ పాలనని సమర్థించింది, గాంధీజీ ఉద్యమాన్ని వ్యతిరేకించింది. మన స్త్రీలు ఇంకా సిద్ధంగా లేరని తనే తేల్చేసింది. అది నాకు నచ్చలేదు. ఇంకొకరి తరఫున మాట్లాడేవాళ్లు ఒక్కోసారి వాళ్ల మాట వదిలేసి సొంత మాట చెప్తారేమో.

పేదరికం వల్లో, నిస్సహాయత వల్లో కోర్టుకి రాలేనివాళ్ల కోసం ఇంకెవరైనా రావచ్చని మన సుప్రీంకోర్టు 1981లో ఎస్.పి.గుప్తా కేసులో స్పష్టంగా చెప్పింది. కొర్నేలియా అప్పటికి లేదు.

మా ఇంటికి వచ్చే కాగితాలన్నీ మరాఠీలో ఉంటాయి. మా అవ్వకి చదవడం రాదు. వేలిముద్ర వేసే ముందు తెలుగులో చెప్పమంటుంది. ఇదివరకు విసుక్కుని, ఏం కాదులే వెయ్యి అనేదాన్ని. ఇప్పుడు చివరి లైను దాకా చదివి చెప్తున్నా. వెయ్యాలా వద్దా అనేది మాత్రం తననే అడుగుతున్నా.