ఆర్థర్ కాటన్: పరాయివాని చేయూత

వైనతేయ సముద్రమున గలియు ఓడలరేవు ప్రాంతమున కోనసీమ స్వభావ మెట్టిదో స్పష్టముగా తెలియును. ఒకవంక తీపినీరు, వేరొకవంక ఉప్పునీరు. ఈ రెంటి నడుమ పైరు, కొబ్బరి, మనుష్యుల బ్రదుకు. 1996 నవంబరు 6వ తేదీనాటి తుపానులో ఈ సీమయం దెన్ని ప్రాణములు పోయినవో, ఎన్ని కొబ్బరితోటలు నేలగూలినవో మన పాఠకులకు వేరుగ చెప్ప నక్కఱలేదు. ఇట్టి ఆపదలలో ప్రజల నాదుకొనుట ప్రభుత్వముయొక్క ప్రథమధర్మము. ఆ ప్రభుత్వమే ఆదుకొనకపోగా, ఆదుకొన వచ్చినవారికి అడ్డుపడిన నేమి చేయవలెను? పరదేశీయునకు నడుమ ప్రవేశించు నధికారము కలదా? ఈ ప్రశ్నకు సర్ ఆర్థర్ కాటన్ జీవితము కొంతవఱకు సమాధానము, కొంతవఱకు హెచ్చరిక.

కాటన్ 1803 మే 15వ తేదీన జన్మించెను. 1821లో తూర్పు ఇండియా కుంఫిణీవారి సైన్యమున ఇంజనీరుగా మదరాసునకు వచ్చెను. కావేరీమండలమున పనిచేయుచు, చోళరాజుల కాలపు కల్లణైని శ్రద్ధగా పరిశీలించి, నదీగర్భమందలి ఇసుకపైనను కట్టడము నిలుపవచ్చునని తెలిసికొనెను. ఈ దేశీయుల పూర్వులు తనకు గురువులని యొప్పుకొనుట కాతడు సిగ్గుపడలేదు. 1836లో కొల్లిడముపై ఆనకట్ట నిర్మించెను.

ఆకాలమున గోదావరీమండలపు స్థితి శోచనీయముగ నుండెను. 1832-33 నాటి నందన కఱవున, జనులు డొక్కల కఱవని పిలిచిన దానిలో, గుంటూరుసీమయందు లక్షల సంఖ్యలో ప్రజలు మడిసిరి. 1839లో వచ్చిన ఉప్పెన కోరంగి రేవును ధ్వంసము చేసెను. 1821లో 7 లక్షల 38 వేలుగా నుండిన రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దిగజారెను. నది మాత్రము ఏటేట నిండుగా ప్రవహించి సముద్రము పాలగుచుండెను. శిస్తు రాబట్టుటలో కుంఫిణీవారికి గల శ్రద్ధ కాలువలపై వ్యయము చేయుటలో లేకుండెను.

కాటన్ 1844లోను, మఱుసటి యేటను దొరతనమువారికి నివేదికలు సమర్పించెను. ప్రజల ప్రాణముల కొఱకై మాత్రమే యడిగిన పని జరుగదని యాతడు గ్రహించెను. కావున పెట్టిన ధనము శిస్తురూపమున తిరిగివచ్చునని లెక్కలు కట్టి చూపవలసివచ్చెను. 1847లో ధవళేశ్వరముకడ పని ప్రారంభమై 1852లో ముగిసెను. మాటిమాటికి అంచనాలు మించెనని పైవారు విసుగుకొనుచునే యుండిరి. ఆ పని కాటన్ ఒక్కని చేతిమీదుగ జరిగినది కాదు. వీణెం వీరన్నగారు కూలీలను సమకూర్చి, పర్యవేక్షించి చేసిన సేవ మఱువరానిది. వేలకొలది కూలీలు ఇసుకలోను బురదలోను రాళ్లు మోసిరి. వైనతేయకు ఆవలనున్న నగరపులంకకు నీరందించుటకై హేగు అను యువ ఇంజనీరు గన్నవరముకడ 49 కమానుల అక్విడక్టును నిర్మించెను. ఉప్పుగాలి వీచు సముద్రతీరభూములకు గోదావరినీరు ఈ విధముగ చేరెను.

కాటన్‌కు 1861లో సర్ బిరుదము లభించెను. విశ్రాంతి తీసికొని స్వదేశమున నున్నను ఆతని పని ముగియలేదు. 1876లో వానలు తప్పి దక్షిణదేశమున మహాక్షామము సంభవించెను. 1877 జనవరి 1వ తేదీన ఢిల్లీలో లార్డు లిట్టన్ వైభవముగ దర్బారు జరిపెను. మదరాసు దొరతనమువారు ధాన్యము కొని నిలువచేయగా, వర్తకస్వేచ్ఛకు భంగమని ఇండియా ప్రభుత్వమువారు నిషేధించిరి. సర్ రిచర్డు టెంపిల్ కఱవుపనులలోని కూలిని దినమునకొక పౌను ధాన్యమునకును కొద్దిపాటి చిల్లరకును కుదించెను. ఆ తిండితో కష్టము చేయువాడు బ్రదుకడని డాక్టరు కార్నిష్ వాదించెను. ఆగస్టులో మదరాసు పౌరులు ఇంగ్లండు ప్రజలను సహాయము వేడగా, తనతో సంప్రదింపలేదని లిట్టన్ ఆక్షేపించెను. తరువాత సమ్మతింపక తప్పలేదు. ఆఱు లక్షల పౌనులకు మించి చందా వచ్చెను. అప్పటికే చాల ఆలస్యమయ్యెను. ఆ క్షామమున మృతి నొందినవారు అరకోటికి మించిరి. ఆ దినములలోనే ఈ దేశపు గోధుమలు ఓడలకెక్కి ఇంగ్లండునకు పోవుచుండెను.

వృద్ధుడైన కాటన్ అప్పుడు తన ప్రభుత్వమును తన దేశమునందే నిలదీసెను. కఱవు దైవికము కాదనియు, ఇనుపదారులపై గ్రుమ్మరించిన ధనములో కొంత కాలువలపై పెట్టియున్నచో ఇంతటి నాశము కలుగదనియు గ్రంథముల మూలమున చాటెను. గోదావరీ కృష్ణా డెల్టాలు కఱవునుండి తప్పించుకొనుటయే గాక యితర జిల్లాలకు ధాన్యము పంపగలుగుటయే ఆతనికి సాక్ష్యము. 1878లో పార్లమెంటు విచారణసంఘము ఆతనిని ప్రశ్నించి, ఆతని యోజనలను త్రోసిపుచ్చెను. ఆతడు వెనుదీయలేదు. 1899 జూలై 24న, 96వ యేట మరణించెను.

కాటన్ పుణ్యము నొప్పుకొనుచునే ఒక మాట చెప్పవలసియున్నది. ఆతడు సామ్రాజ్యము నెన్నడును ప్రశ్నింపలేదు. దానిని సరిగా నడుపవలెనని మాత్రమే కోరెను. ఆనకట్టపై పెట్టిన ధనమును రైతులు నీటిపన్నుగా అనేక మడుగులు తీర్చిరి. మేలుచేసినవానికి కృతజ్ఞత చెల్లును; ఇంటిపై పెత్తనము చెల్లదు. ఆకలిగొన్నవానికి పట్టెడన్నము పెట్టి వాని పొలము వ్రాయించుకొనుట దయ యనిపించుకొనదు.

ఈ వివేకము నేటికిని అవసరము. 2008 మే నెలలో నర్గిస్ తుపాను బర్మాలోని ఐరావతీ డెల్టాను ముంచెను. అదియు మన కోనసీమవంటి వరిభూమియే. మృతులును గల్లంతైనవారును సుమారు 1 లక్ష 38 వేలు. అచ్చటి సైనికప్రభుత్వము పరదేశ సహాయకులను చాలదినములు రానీయలేదు. ఫ్రెంచి, అమెరికా నౌకలు సముద్రముపై వేచి వేచి మరలిపోయెను. బలప్రయోగముతోనైన నన్నము చేర్పవలెనని కొందఱు వాదించిరి. తుపాకి వెంట వచ్చిన అన్నము యుద్ధమునకు దారితీయవచ్చును. అట్లని పొరుగువారు చేతులు ముడుచుకొని కూర్చుండుటయు ధర్మము కాదు. తుదకు ఆగ్నేయాసియా రాజ్యముల కూటమి మధ్యవర్తియై తలుపు తెఱపించెను. ఆక్రమణశంక లేని పొరుగువాని మాట యచ్చట ఓడలకంటె బలవత్తరమయ్యెను.

2004 ఉప్పెననాడు మన ప్రభుత్వమును పరరాజ్యముల సహాయము వలదనెను. స్వతంత్రరాజ్యమునకు వలదనుటకు హక్కు కలదు. కాని ఆ హక్కు, తామే సకాలమున కూడు, నీరు, వైద్యము చేర్చుదుమను ప్రతిజ్ఞతో కూడినది. ఆ ప్రతిజ్ఞ నిలుపుకొనలేని ప్రభుత్వము తన యభిమానమునకై పౌరుల ప్రాణములను బలియిచ్చుచున్నదని చెప్పవలెను. అట్టి సమయమున బయటివారు మొదట మాటతోను, ధాన్యముతోను, ఒత్తిడితోను ప్రవేశింపవలెను. పని ముగిసినవెంటనే నిష్క్రమింపవలెను.

కాటన్ విగ్రహములకు పూలమాలలు వేయుట మనకు వాడుక. అది మంచిదే. అంతకంటె మంచిది ఆతని ప్రశ్న నడుగుట. మురుగుకాలువలు పూడి, పంట నష్టమగుచున్నదని కోనసీమ రైతులు 2011లో సాగు మానిరి. ఆపద వచ్చిన పిదప ఎవరి సహాయము స్వీకరింపవలెనని తర్కించుటకంటె, రాకమునుపే కాలువను త్రవ్వించుమని, గట్టును నిలుపుమని, తుపాను ఆశ్రయములను బాగుచేయుమని మన ప్రభుత్వమును మనమే నిలదీయవలెను. కాటన్ ఏలినవారిలో నొకడై యుండియు వారి నడిగెను. నేడు మన ప్రతినిధుల నెన్నుకొనువారము మనమే కాన, అడుగు బాధ్యత మనపై మఱింత యున్నది.