అల్లికను అక్షరములలో పెట్టిన కుమారి రియేగో

పండుగ ఆదివారమున ప్రభువు బల్లమీద పరచిన తెల్లని వస్త్రమును అందరము చూచుదుము. దాని అంచున వ్రేలాడు లేసును అల్లిన చేతులను తలచుకొనువారు అరుదు. బందరు, గుడివాడ, దివిసీమ సంఘములలో తిరుగునప్పుడు ఈ తలంపు మాకు పలుమార్లు కలిగెను. అందుచేత ఈ శతవార్షిక సంచికలో, ఆ అల్లికతోనే లోకమున పేరుపొందిన ఒక స్త్రీ జీవితమును మన సంఘస్థుల ఎదుట ఉంచుచున్నాము.

ఎలియనోర్ రియేగో డి లా బ్రాంషార్దియేర్ 1828లో ఇంగ్లండులో జన్మించెను. తండ్రి ఫ్రెంచి ప్రభువంశీకుడు, తల్లి ఐర్లండు స్త్రీ. ఆ దినములలో క్రోషే అల్లిక ఎక్కువగా ఒకరి చేతిని చూచి మరియొకరు నేర్చుకొనవలసినదే. రియేగో 1846లో అల్లికల పుస్తకము ప్రచురించెను. ఏ వరుసలో ఎన్ని గొలుసులు వేయవలెనో, కొక్కెపు సూదిని ఎక్కడ గ్రుచ్చవలెనో అంకెలతో వ్రాసెను. ఆమె ముఖమెరుగని స్త్రీ కూడ ఆ పుస్తకము చూచి అల్లగలిగెను. లండనులో 1851లో జరిగిన మహా ప్రదర్శనలో ఆమె అల్లికకు పతకము లభించెను. మరుసటి యేడు సూదిపనికై ఒక పత్రికను ప్రారంభించెను. 1887లో మరణించునాటికి ఆమె పుస్తకములు డెబ్బదికి పైగా వెలువడియుండెను.

ఆమెకు మిక్కిలి పేరు తెచ్చినది ఐర్లండు క్రోషే. సన్నసూదితో కుట్టు పాతకాలపు లేసునకు నెలలు పట్టును. ఆ పొంకమునే కొక్కెపు సూదితో త్వరగా రప్పించవచ్చునని ఆమె గ్రహించెను. ఈ పద్ధతిలో పువ్వు, ఆకు, తీగ వేర్వేరుగా, లావు దారముమీద ఉబ్బెత్తుగా అల్లుదురు. వాటిని ఒక గుడ్డమీద అమర్చి, మధ్య ఖాళీలను సన్నని వలతో పూరించి, అడుగు గుడ్డను తీసివేయుదురు. ఏ పువ్వు ఎక్కడ ఉండవలెనో అల్లునామె ఇష్టము. కనుక ఒకరి పని మరియొకరి పనివలె ఉండదు. కొలతకు కట్టుబడక అల్లు నేటి ఫ్రీఫారం క్రోషేకు ఇది పెద్దమ్మ వంటిది.

1845 మొదలు ఐర్లండులో బంగాళాదుంప పంట కుళ్లిపోయి ఘోరమైన కరవు వచ్చెను. సుమారు పది లక్షలమంది మరణించిరి. మరి పది లక్షలమంది దేశము విడిచిరి. 1847లో క్లోన్స్ పట్టణ గురువుగారి భార్య కసాండ్రా హాండ్ అక్కడి బీద స్త్రీలకు ఈ అల్లికను నేర్పించెను. పొయ్యి ఆరిన ఇండ్లలో అది కూడు పెట్టెను.

1977 నవంబరు 19న ఉప్పెన చూచిన దివిసీమవారికి దీని అర్థము విప్పి చెప్పనక్కరలేదు. మొదట గంజి కావలెను. పిమ్మట చేతికి పని కావలెను.

కరవు వచ్చిన ఆ దశాబ్దములోనే, 1844లో, స్కాట్లండు మిషనరీలైన మెక్రే దంపతులు గోదావరి తీరమున లేసు నేర్పిరని చెప్పుదురు. నరసాపురము లేసు అట్లు పెరిగి, 2024లో భౌగోళిక గుర్తింపు పొందినది. అయితే 1982లో మరియా మీస్ అను జర్మను పరిశోధకురాలు వెలువరించిన గ్రంథము మనలను సిగ్గుపడజేయును. లేసు ఎగుమతి చేసినవారు ధనవంతులైరి; అల్లిన స్త్రీలకు దక్కిన కూలి అత్యల్పము. వారిని పనివారుగా గాక, తీరికవేళ అల్లుకొను ఇల్లాండ్రుగా లెక్కించిరి. మిషనరీలు నాటిన చెట్టే గదా అని మనము ఊరకుండ తగదు.

రియేగోకు చదువు, అచ్చుయంత్రము, పట్టణము తోడుండెను. ఆమె పేరు నిలిచెను. క్లోన్సులో, నరసాపురములో క్రొత్త పువ్వులు కల్పించిన వారిలో పేరు మిగిలినవారెందరు? పెడన కలంకారీ అచ్చులు చెక్కిన చేతుల సంగతియు ఇంతే.

యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టిన వస్త్రములను చూపి ఏడ్చిరి. అందుచేతనే ఆమె పేరు మనకు తెలియును. కనుక మా మనవి చిన్నది. ఇకమీదట ఎవరైన సహోదరి బల్లవస్త్రమునకు లేసు అల్లి ఇచ్చినయెడల, ఆమె పేరును సంఘపు రిజిస్టరులో వ్రాయుదము. కూలికి అల్లించుకొన్నయెడల, బేరమాడక తగిన కూలి ఇత్తుము.