కవరులోని చీటీ : సర్ ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్

క్షయ అన్న మాట వింటేనే ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిన రోజులు మనలో చాలామందికి గుర్తే. ఆ రోగానికి వచ్చిన కొత్త మందు నిజంగా పనిచేస్తుందా లేదా అని తేల్చే పద్ధతిని రూపొందించిన మహనీయుడు సర్ ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్. ఆయన డాక్టరు కాదు, గణాంక శాస్త్రవేత్త.

హిల్ 1897లో లండన్‌లో జన్మించారు. డాక్టరు కావాలన్నది ఆయన కోరిక. మొదటి ప్రపంచ యుద్ధంలో విమాన చోదకుడిగా పనిచేస్తుండగా 1917లో క్షయ సోకింది. చాలాకాలం మంచం పట్టారు. వైద్యవిద్య అందక, పోస్టు ద్వారా పాఠాలు చదివి 1922లో అర్థశాస్త్రంలో పట్టా పొందారు. క్రమంగా గణాంకాల వైపు మళ్ళి, 1945లో లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్‌లో ప్రొఫెసర్ అయ్యారు.

1946 నాటికి అమెరికాలో కనుగొన్న స్ట్రెప్టోమైసిన్ బ్రిటన్‌కు కొద్దిగానే అందింది. రోగులందరికీ అది చాలదు. మరి ఎవరికివ్వాలి? డాక్టర్లే ఎంచుకుంటే జాలి కొద్దీ ఒకరిని, ఆశ కొద్దీ మరొకరిని ఎంచుకుంటారు. అప్పుడు గుణం మందుదో ఎంపికదో తెలియదు.

మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ జరిపిన ఆ పరీక్షకు హిల్ ప్రణాళిక వేశారు. రెండు ఊపిరితిత్తులకూ కొత్తగా సోకి ముదురుతున్న క్షయ ఉన్న యువతీ యువకులనే తీసుకోవాలన్నారు. అలాంటివారు ఒక్కచోట తగినంతమంది దొరకరు గనుక ఏడు ఆసుపత్రులను కలిపారు. రోగి తగునా కాదా అన్నది ముందుగా ఒక కమిటీ నిర్ణయించేది. ఆ తరువాతనే అంటించిన కవరు విప్పేవారు. మందా, పడక విశ్రాంతి మాత్రమేనా అన్నది లోపలి చీటీలో ఉండేది. ఆసుపత్రి వారీగా, స్త్రీ పురుషులకు విడివిడిగా, యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక ప్రకారం ఆ చీటీలు ముందే సిద్ధమయ్యేవి. ఆఫీసుల్లో పనిచేసిన మనకు సిఫారసు అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. ఆ కవరు ముందు ఏ సిఫారసూ చెల్లలేదు.

1947లో 107 మంది చేరారు. ఆరు నెలలకు మందు పొందిన 55 మందిలో నలుగురు, పొందని 52 మందిలో 14 మంది మరణించారు. తాము పరీక్షలో ఉన్నట్లు రోగులకు చెప్పలేదు. నేడైతే అది అంగీకారం కాదు. మందు లేకుండా పోయినవారి ఋణం కూడా మనపై ఉంది.

అయిదేళ్ళకు ఆ తేడా తగ్గింది. 55 మందిలో 32 మంది, 52 మందిలో 35 మంది అప్పటికి లేరు. క్రిములు ఒంటరి మందుకు లొంగడం మానేశాయి. అందుకే మందులను కలిపి ఇచ్చే పరీక్షలు వెంటనే మొదలయ్యాయి. అదే కౌన్సిల్ తోడ్పాటుతో 1956లో మద్రాసులో ఏర్పడిన కేంద్రం, ఇంటి దగ్గరే ఉండి మందు వాడినా క్షయ నయమవుతుందని నిరూపించింది.

పొగతాగడానికీ ఊపిరితిత్తుల కాన్సరుకూ ఉన్న సంబంధాన్ని 1950లో రిచర్డ్ డాల్‌తో కలిసి చాటిన వారూ హిల్‌గారే. 1961లో సర్ బిరుదు పొంది, 1991లో 93వ ఏట కన్నుమూశారు. తనను డాక్టరు కానివ్వని రోగంతోనే పోరాడే దారిని డాక్టర్లకు చూపి వెళ్ళిన ధన్యజీవి ఆయన.