తీగల లెక్క తేల్చిన ఉపాధ్యాయుడు

హైదరాబాదు తూర్పు దిక్కున ఉన్న ఉప్పల్, నాచారం ప్రాంతాలలో బోనాలకైనా, పెళ్లికైనా, కళాశాల వార్షికోత్సవానికైనా మైకుసెట్టు లేనిదే వేడుక నిండదు. పాటలు వినిపించే పరికరాలు రెండు మూడు ఉంటాయి. యాంప్లిఫయరులో ధ్వనిని గ్రహించే ద్వారం ఒక్కటే ఖాళీగా ఉంటుంది. తీగలన్నిటినీ తిన్నగా ముడివేస్తే సరిపోతుందని తోస్తుంది. కాని అలా చేస్తే ఒక పరికరం నుండి వెలువడిన విద్యుత్తులో అధికభాగం రెండవ పరికరంలోకే మళ్లుతుంది. ధ్వని చెడుతుంది, పరికరాలకే ముప్పు కలుగవచ్చు. పని తెలిసినవాడు ఒక్కొక్క తీగలో పదివేల ఓముల రెసిస్టరు నొకదానిని అతికి, ఆ తరువాతనే వాటిని ఒకచోట చేరుస్తాడు. దీనికి బ్యాటరీ కూడ అక్కరలేదు. అయితే రెండింటిని కలిపినప్పుడు ఒక్కొక్క ధ్వని సంకేతం సుమారు సగానికి, మూడింటిని కలిపినప్పుడు మూడవ వంతుకు తగ్గుతుంది. ఆ లోటును యాంప్లిఫయరు పూరిస్తుంది. ఈ లెక్కకు మూలమైన సూత్రాన్ని కనుగొన్నవాడు ఒక బడిపంతులు.

జార్జ్ సైమన్ ఓమ్ 1789 మార్చి 16న జర్మనీలోని ఎర్లాంగెన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి తాళాలు చేసి జీవించే పనివాడు. ఆయన స్వయంకృషితో గణిత, భౌతికశాస్త్రాలు అభ్యసించి, కుమారులకు తానే గురువయ్యాడు. ఓమ్‌కు పదేండ్ల ప్రాయంలో తల్లి మరణించింది. 1805లో విశ్వవిద్యాలయంలో చేరిన ఆ యువకుడు నృత్యాలతో, మంచుపై జారే క్రీడతో, బిలియర్డ్స్‌తో కాలం గడిపాడు. ఒళ్లు వంచి ఆర్జించిన సొమ్ము వ్యర్థమవుతుంటే ఏ తండ్రి సహించగలడు? చదువు మాన్పించాడు. ఓమ్ స్విట్జర్లాండు వెళ్లి ఒక పాఠశాలలో గణితం బోధించవలసివచ్చింది. మరల ఎర్లాంగెన్ చేరి 1811లో డాక్టరేటు పొందాడు.

1817లో కొలోన్ నగరంలోని ఉన్నత పాఠశాలలో ఉద్యోగం లభించింది. అక్కడ మంచి ప్రయోగశాల ఉండేది. విద్యుత్ ప్రవాహం అయస్కాంత సూచిని కదిలిస్తుందని 1820లో అయర్‌స్టెడ్ వెల్లడించగా, ఆ ప్రవాహాన్ని కొలవాలన్న తపన ఓమ్‌ను ఆవరించింది. వేర్వేరు పొడవులు, మందాలు గల తీగలను తన చేతులతోనే సిద్ధం చేసుకొన్నాడు. తండ్రి వద్ద అబ్బిన పనితనం అక్కరకు వచ్చింది. కాని ఆనాటి బ్యాటరీల బలం ప్రయోగం సాగుతుండగానే క్షీణించేది. కొలతలు నిలకడగా ఉండేవి కావు. చివరకు పొగెండార్ఫ్ అనే శాస్త్రజ్ఞుని సలహాపై బ్యాటరీని విడిచిపెట్టాడు. బిస్మత్, రాగి లోహాలను కలిపి, ఒక అతుకును మరిగే నీటిలోను, మరొక అతుకును మంచులోను ఉంచాడు. ఆ ఉష్ణోగ్రతల భేదం వల్ల పుట్టిన విద్యుత్తు స్థిరంగా ప్రవహించింది. తీగ పొడవు పెరిగితే నిరోధం పెరుగుతుందని, మందం పెరిగితే తగ్గుతుందని, విద్యుత్ పీడనాన్ని నిరోధంతో భాగిస్తే ప్రవాహం తెలుస్తుందని తేలింది. 1827లో ఈ సిద్ధాంతాన్ని బెర్లిన్‌లో గ్రంథంగా ప్రకటించాడు.

ఆ గ్రంథంతో విశ్వవిద్యాలయంలో ఆచార్యపదవి దక్కుతుందని ఆశించాడు. దక్కలేదు. కొందరు పండితులు పరిహసించారు కూడ. మనసు నొచ్చిన ఓమ్ 1828లో కొలోన్ ఉద్యోగానికి రాజీనామా చేసి, బెర్లిన్‌లో స్వల్ప వేతనానికి పాఠాలు చెప్పుకొంటూ గడిపాడు. 1833లో న్యూరెంబర్గ్‌లో స్థిరమైన కొలువు దొరికింది. 1841లో లండన్‌లోని రాయల్ సొసైటీ కాప్లీ పతకంతో ఆయనను గౌరవించింది. 

ఆ తరువాత ఆయన దృష్టి ధ్వనిపై పడింది. అనేక స్వరాలు కలిసి ఒకే నాదంగా చెవిని చేరినా, చెవి వాటిని సరళ స్వరాలుగా విడదీసి వింటుందని 1843లో ప్రతిపాదించాడు. సీబెక్ అనే శాస్త్రజ్ఞుడు దీనిని గట్టిగా వ్యతిరేకించాడు. అనంతర కాలంలో హెల్మ్‌హోల్ట్జ్ ఆ భావనను స్వీకరించి విస్తరించాడు.

చిరకాలం కోరుకొన్న ఆచార్యపదవి 1852లో మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో లభించింది. అప్పటికి ఆయన వయసు అరవై మూడేండ్లు. 1854 జూలై 6న అక్కడే కన్నుమూశాడు. 1881లో పారిస్‌లో సమావేశమైన విద్యుత్ శాస్త్రజ్ఞులు నిరోధానికి ప్రమాణంగా ఓమ్ అన్న పేరును స్వీకరించారు. నాచారానికి సమీపంలో, అయ్యగారి సాంబశివరావు సారథ్యాన, 1967లో ఇ.సి.ఐ.ఎల్. నెలకొన్న నాటికి అది ఎలక్ట్రానిక్స్ పనివారికి రోజువారీ మాట అయింది. వారు చేతపట్టే రెసిస్టర్లపై రంగు గీతలు తెలిపేది ఎన్ని ఓములో అన్న సంగతినే.