పూర్వులను వెదకిన సురవరం

మీ తాతముత్తాతలెవరని అడిగినప్పుడు బదులు చెప్పలేకపోవుట ఏ యింటికైనను చిన్నతనము. అట్టి చిన్నతనమే ఒకనాడు తెలంగాణమునకు కలిగినది. నిజాం రాష్ట్రమున తెలుగు కవులే లేరని ఒకరు వ్రాసినారు. దానికి తగిన సమాధానము చెప్పినవారు సురవరం ప్రతాపరెడ్డిగారు.

వారు 1896 మే 28న నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోని బోరవెల్లిలో జన్మించినారు. స్వగ్రామము ఇటిక్యాలపాడు. న్యాయశాస్త్రము చదివి, 1926లో హైదరాబాదున గోలకొండ పత్రికను స్థాపించినారు. గద్వాల, వనపర్తి సంస్థానములు కవిపండితులను పోషించినవి. ఆ సీమవారికి పై నింద యెంత బరువో వేరే చెప్పవలెనా? ప్రతాపరెడ్డిగారు వాదముతో తృప్తిపడలేదు. ఊరూరి కవులను వెదకి, 354 మందితో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించినారు.

కాని పూర్వుల చరిత్ర కవులతోను రాజులతోను ముగియదు. సామాన్యులు ఏమి తిన్నారు, ఏమి ధరించినారు, ఏ యాటలాడినారు? రాజుల వంశావళులలో ఈ సంగతులు దొరకవు. వారు కావ్యములను, శతకములను, సామెతలను గాలించి 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రను ప్రకటించినారు.

1952లో వనపర్తి ప్రజలు వారిని శాసనసభకు పంపినారు. మరుసటి యేడు ఆగస్టు 25న వారు కన్నుమూసినారు. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగునకిచ్చిన మొదటి బహుమానము ఆ గ్రంథమునకే లభించినది. అందుకొనుటకు వారు లేరు.

విద్యార్థులారా! మీ యూరి పెద్దల నడిగి, మరుగున పడిన పేరు ఒక్కటియైనను వ్రాసి యుంచుడు.